ఓపెన్, షార్ట్, లోడ్

రువీల మూడో అంతస్తు.
ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నయి.
పదకొండేండ్లు టవరెక్కినోన్ని
ఇగ కుర్చీల కూసోబెట్టి నేర్పుతరట,
ఐదు రోజుల కోర్సు, కంపెనీ ఖర్చు.
పక్కన పాలక్కాడు ఇంజనీరు,
ముంగట ఇద్దరు బలూచీ పోరగాండ్లు,
వాళ్ల కుమ్మా టోపీలు బల్లమీద
కడిగిన గిన్నెల లెక్క బోర్లేసున్నయి.

డాక్టర్ ఇంతిసార్, ఖార్తూమ్ ఆమె.
మొదటి మాటనే అన్నది:
"దేన్నన్న కొలిచే ముందు
మీ కేబుల్ చెప్పే అబద్ధాన్ని కొలవండి."
చిన్న పెట్టె తెరిచింది. మూడు బంగారు రంగు బిళ్లలు.
ఓపెన్: వచ్చిందాన్ని వచ్చినట్టే ఎనక్కి పంపుతది.
షార్ట్: తలకిందులు చేసి పంపుతది.
లోడ్: మింగి ఊకుంటది.
ఈ మూడు సూపెడితే మిషిన్
కేబుల్ తప్పెంత, పరికరం తప్పెంత
యేరుజేసి చెప్తదట.

టార్క్ రెంచి 'టిక్' అన్నప్పుడే ఆపాలె.
నా చెయ్యికి ఇంకో చుట్టు తిప్పే అలవాటు.
నలభై మీటర్ల మీద, గాలికి ఊగే ఇనుము మీద
టిక్కు ఎవనికి ఇనపడ్డది?

స్మిత్ చార్టు పంచిన్రు.
మా అక్క చాటల బీడీ కట్టలు నిలబెట్టినట్టు
సున్నాలల్ల సున్నాలు.
నడిమిట్ల సుక్క యాభై ఓములు,
ఆడికి చేరితే ఏదీ ఎనక్కి తిరిగి రాదు.
పాలక్కాడు పిల్లగాడు ఒక కాయిలు, ఒక కెపాసిటరు పెట్టి
రెండే అడుగుల్ల చేరిండు.
నేను గుండ్రంగ తిరిగి తిరిగి అంచుకు పోయి పడ్డ.
"మైనస్ ఒకటికి వర్గమూలం యాడుంటది మేడమ్?"
అందరు నవ్విన్రు. ఆమె నవ్వలేదు.
"టవరు మీద నీకు గాలి కనపడ్తదా?" అన్నది.

నాలుగోనాడు, అన్నం తిన్నంక, నిద్రమబ్బుల
ఆమె బోర్డు మీద సముద్రం గీసింది.
ఎండకాలం రాత్రి నీళ్ల మీద తడిగాలి పరుచుకుంటది,
దాని మీద ఎడారి పొడిగాలి.
ఆ సందుల ఇరుక్కున్న తరంగం పైకి పోలేదు,
వంగి వంగి రెండొందల కిలోమీటర్లు జారుతది.
అవతలి ఒడ్డు టవరు వచ్చి మన ఫోన్లల్ల గోల పెడ్తది.
కాల్స్ తెగుతయి.
"పొద్దెక్కితే ఆ పొర చెదిరిపోతది," అన్నది,
"ఎక్కి చూస్తే ఏ లోపం దొరకది."

నా పెన్ను ఆగింది.

షినాస్. ఆరేండ్ల కింద, ఆగస్టు.
రాత్రి రెండు కాంగనే కాల్స్ తెగేటియి.
మూడుసార్లు ఎక్కినం నేనూ, నడిపి లస్మన్నా.
జంపర్లు మార్చినం. కనెక్టర్లు మార్చినం.
లస్మన్న రబ్బరు టేపు చుట్టిండు,
పసిపోరని కాలికి కట్టు కట్టినట్టు.
తెల్లారితే మంచిగుండేది. రాత్రి మళ్ల అదే కథ.
ఆఖరుకు కాయితం వచ్చింది: పనితనంల లోపం.
రెండు నెలల జీతం కోసి లస్మన్నను ఇమానం ఎక్కిచ్చిన్రు.
ఆ కాయితం కింద సాక్షి సంతకం
నాది.

క్లాసు అయినంక అడిగిన, ఆరేండ్ల కిందటి గాలిని
ఇప్పుడు కొలవొచ్చునా అని.
"ఎయిర్‌పోర్టోళ్లు బెలూన్లు ఎగరేస్తరు,
ఆ రాత్రుల లెక్క యాడనో రాసే ఉంటది. తారీఖులున్నయా?"
ఉన్నయి. చార్టు ఎనకపక్క రాసిచ్చిన,
పదకొండు, పన్నెండు, పదిహేడు.
చెయ్యి ఎందుకో వణికింది. ఏసీ అనుకున్న.

రాత్రి ఫోన్ చేసిన.
లస్మన్న ఇప్పుడు కోరుట్లల మోటర్లు చుట్టుతడు.
"అన్నా, షినాస్‌ల అది నీళ్లు కాదే, కనెక్టరు కాదు.
గాలి. సముద్రం మీది గాలి."
శానసేపు సప్పుడు లేదు.
ఎవరో రేకు మీద సుత్తెతోటి కొడ్తున్నరు అవుతల.
"అంటే," అన్నడు,
"నేను చుట్టిన టేపుల నీళ్లు దిగలేదన్నట్టే గదా?"
"దిగలేదన్నా."
"అట్ల చెప్పు మరి," అన్నడు,
గొంతుల ఆరేండ్ల తుప్పు రాలి.

సంతకం మాట నేనెత్తలేదు.
ఆయన అడగలేదు.
పొద్దుగాల పరీక్ష. చార్టు ముంగటేసుకోని కూసున్న,
నడిమిట్ల సుక్క కాడికి
నా గీత ఇంకా చేరలేదు.